బీడు అని రాశారు

తవిటయ్యకు ఇసక కింద నీరు ఎక్కడుందో చెప్పడం తెలుసు. మరో విద్య రాదు.

అతని ఊరు ఇసకపాలెం. మల్కాపురానికి దక్షిణంగా, ఒక పక్క సముద్రం, ఒక పక్క ఎర్రగుట్టలు, నడుమ ఇసక. మోకాలి లోతు తవ్వితే తడి తగులుతుంది. నడుము లోతు తవ్వితే తియ్యటి నీరు. ఆ గుంటను చెలమ అంటారు. నలభై ఇళ్ళకు నలభై చెలమలు. కుండలతో ముంచి మొక్క మొదట్లో పోస్తారు. అలా కాసిన వంకాయలను తవిటయ్య కావిడిలో మల్కాపురం మోసుకెళ్ళి, రిఫైనరీ పనివాళ్ళ ఇళ్ళ ముందు అమ్మేవాడు. తాత చేసిన పనీ అదే. ఊరి చరిత్ర అంతే. ఎవరూ రాయలేదు.

డెబ్బై నాలుగు వైశాఖంలో సర్కారువాళ్ళు రాయడానికి వచ్చారు. జిల్లాలో ఏ ఊళ్ళో ఏ నేల, ఏ నీరు, ఏ పంట అన్నది పుస్తకంలోకి ఎక్కిస్తున్నారు. తోట అని రాస్తే ఊరు ఉంటుంది. బీడు అని రాస్తే ఇనుప సామాను దింపే యార్డు కింద పోతుంది. ఈ సంగతి ఊరివాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

జీపు వస్తుందనగానే తవిటయ్య ఇల్లిల్లూ తిరిగాడు.

"సెలమలన్నీ కప్పీండర్రా. బాబుగోరు బూట్లతో నడుత్తారు. కాలు జారితే మన పరువేటవుద్ది?"

పెద్దమనిషి వస్తే చెలమలు కప్పడం ఆ ఊరి మర్యాద. పెళ్ళివారు వచ్చినా అంతే. తాటాకులు పరిచి, ఇసక పోసి, అరచేత్తో నున్నగా చదును చేస్తారు. పాత మొక్కలు అప్పటికే పీకేశారు. కొత్త నారు ఇంకా వెయ్యలేదు.

గంగాధరరావు అనే గుమస్తా, గోదావరి వైపు మనిషి, జీపు దిగాడు. మజ్జిగ తాగాడు. "ఊరు శుభ్రంగా ఉంచారయ్యా" అన్నాడు. ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు.

నెల తర్వాత, చదువొచ్చిన వరహాలు ఆఫీసు గోడ మీది కాగితం చూసి వచ్చాడు.

"నీల్లు నేవంట బావా. సాగు నేదంట. బీడంట. ఊరు కాళీ సెయ్యాలంట."

తవిటయ్య భార్య కాశమ్మ చేట విసిరికొట్టింది. "మర్యాద సేసినావు కదా. ఇప్పుడా మర్యాదే వండుకు తిందాం!"

తవిటయ్య ఆఫీసుకు వెళ్ళాడు.

"చూసింది రాశాను. నీళ్ళుంటే కనపడాలి కదా?" అన్నాడు గంగాధరరావు.

"కప్పినాం బాబూ. తవరి కాలు జారకుండా నానే కప్పించినాను."

"అయితే తప్పు నీదేగా?"

పక్క బల్లల దగ్గర ఇద్దరు నవ్వారు. కొలతలకు మళ్ళీ వస్తామని చెప్పి పంపేశారు.

దారంతా తవిటయ్యకు ఆ నవ్వు మీదకన్నా, ఇసకను నున్నగా సర్దిన తన అరచేతుల మీద ఎక్కువ కోపం వచ్చింది. ఇంటికి రాగానే పార తీశాడు. జీపు వచ్చే దారి నట్టనడుమ తవ్వడం మొదలుపెట్టాడు.

"దారి తవ్వీత్తన్నావేటి బావా? పిచ్చెక్కినాదేటి?" అన్నాడు వరహాలు.

"కళ్ళున్నోడికి కనపడాల."

కొలతల రోజు జీపు ఆ గుంట ముందు ఆగింది. అడుగున ఇసక రేణువులు కనిపించేంత తేటగా ఉంది నీరు. తవిటయ్య చెంబు ముంచి అందించాడు. గంగాధరరావు తాగాడు. మొహం కడుక్కున్నాడు. మిగిలింది పాదాల మీద పోసుకున్నాడు. డ్రైవరు రెండు కుండలు పట్టి రేడియేటరులో పోసుకున్నాడు. అప్పుడు గుమస్తా జీపు బానెట్టు మీద పుస్తకం తెరిచి రాశాడు.

వరహాలు అతని భుజం మీంచి తొంగి చూశాడు.

"ఏటి రాసినారు?" అన్నాడు తవిటయ్య.

"'దారి బాగా లేదు. గోతులు' అని" చదివి చెప్పాడు వరహాలు.

తవిటయ్య పుస్తకం లాక్కున్నాడు. గుంటలో మోకాళ్ళ మీద కూలబడి దాన్ని అడుగంటా ముంచాడు. సిరా నీలంగా విడివడింది.

"తడుత్తందా నేదా? సెప్పు. నేవన్న నీల్లే ఇవి. తడుత్తందా నేదా?"

గంగాధరరావు పోలీసులను తీసుకురమ్మని డ్రైవరును పంపాడు. వాళ్ళు వచ్చేదాకా తవిటయ్య పుస్తకాన్ని పైకి తియ్యలేదు.