అయిదుగురు పిల్లల బడి

మొన్న ఆక్లాండ్‌లో, న్యూ లిన్‌లో తెలుగు సంఘం ఆయనొకరు నన్ను పట్టుకుని, "మీరు ఇన్వర్‌కార్గిల్‌లో చదివారటగా, అక్కడి మొదటి తెలుగు బడి చరిత్ర ఒక పేజీ రాసివ్వండి సార్, సావనీర్‌లో వేస్తాం" అన్నాడు. చరిత్రట! ఆ బడి బతికిందే రెండేళ్లు. సరేనని తలూపేశాను గానీ, రైలెక్కి కూర్చున్నాక ఎందుకు ఒప్పుకున్నానా అనిపించింది. అది మూతపడబోతోందని తెలిసి కూడా నోరు మూసుకున్నవాణ్ణి నేనే మరి.

ఇన్వర్‌కార్గిల్ అంటే న్యూజిలాండ్‌కి అట్టడుగున ఉన్న ఊరు. అక్కడ నడి ఎండాకాలమైన జనవరిలో కూడా స్వెటర్ తియ్యాలంటే ఆలోచించుకోవాలి. మా ఫ్లాట్‌కి రెండు వీధుల అవతల, ఆ బడి పెట్టిన ఆంటీ వాళ్లిల్లు. అంకుల్ పశువుల డాక్టరు, పొద్దస్తమానం ఫారాల చుట్టూ తిరుగుతుండేవారు. వాళ్లకి పిల్లల్లేరు. బడి పెట్టమని ఆంటీని ఎవరూ అడగలేదు కూడా. ఆవిడే వెళ్లి చర్చి వెనక హాలు అడిగి, ఆదివారం మధ్యాహ్నాలు మొదలుపెట్టేసింది. పలకలు ఎక్కడ దొరుకుతాయి? కేకులు చేసుకునే ట్రేల్లో బియ్యం పోసి దిద్దించేది. ఆవిడ అటు తిరగ్గానే పిల్లలు ఆ బియ్యం కాస్తా నోట్లో వేసుకునేవాళ్లు. "ఒరేయ్, అక్షరాలు నమిలేస్తున్నార్రా!" అని ఒకటే కేకలు. కుర్చీలు సర్దడం, హీటర్ వెయ్యడం నా ఉద్యోగం. ఉన్నదే అయిదుగురు పిల్లలు, అందులో ఇద్దరు కాలేజీలో మా సీనియర్ ఒకాయన కూతుళ్లు. అయిదుగురికి తగ్గితే హాలు ఇంకొకరికి ఇచ్చేస్తామని చర్చివాళ్లు ముందే చెప్పారు.

రెండో ఏడు ఫిబ్రవరిలో, రాజమండ్రిలో ఉన్న ఆంటీ వాళ్ల అక్కకి ఒంట్లో బాగా లేదని ఫోనొచ్చింది. ఆంటీని ఎత్తుకుని పెంచింది ఆ అక్కే. ఉగాదికి అయిదుగురి చేతా స్టేజీ మీద తలా ఒక పేజీ కథ చదివిస్తానని ఆంటీ అందరికీ చెప్పుకుంది. నన్ను వంటింట్లో కూర్చోబెట్టి అడిగింది: "నిజం చెప్పు బాబూ. ఈ పిల్లలు ఉగాది దాకా ఉంటారా? ఉండరంటే రేపే బయల్దేరతా. ఉంటారంటే, చదివించి వెళ్తా."

ఆ ముందు వారమే మా సీనియర్‌కి ఆక్లాండ్‌లో ఉద్యోగం ఖాయమైంది. వీసా మారేదాకా ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు. మనవాళ్ల సంగతి తెలిసిందేగా, కాగితం చేతికొచ్చేదాకా నోరు విప్పం, దిష్టి తగిలి ఆగిపోతుందని భయం. నేనైతే నా వీసా సంగతి, అది చేతికొచ్చేదాకా మా అమ్మకే చెప్పలేదు. అంత జాగ్రత్త!

"ఎక్కడికి పోతార్లెండి ఆంటీ" అన్నాను. నవ్వుతూ అన్నాను కూడా, ఛీ.

ఆవిడ ఆగిపోయింది. ఒక్కో పిల్లకీ ఒక్కో పేజీ పెద్దపెద్ద అక్షరాలతో రాసింది. మూడు వారాలకి సీనియర్ వీసా వచ్చింది. రెండు రోజుల్లో సామాను సర్దేసి, పిల్లల్ని కారెక్కించి వెళ్లిపోయాడు. ఆ ఆదివారం ముగ్గురే వచ్చారు. ఆంటీ గంటసేపూ పాఠం చెప్పి, పిల్లల్ని పంపించి, ఇంటికెళ్లి టికెట్ కొనుక్కుంది. సింగపూర్‌లో దిగేసరికే అక్క పోయిందన్న కబురు అందింది.

నెల తర్వాత ఆవిడ తిరిగొచ్చాక పలకరించడానికి వెళ్లాను. మనిషి సగమైపోయింది. కాళ్లకేసి చూస్తూ కూర్చున్నాను. నా ముందు టీ పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసి తనే నన్ను ఓదార్చింది. "పోనీలే బాబూ, అంతలా బాధపడకు. వాళ్లు వెళ్తారని నీకు మాత్రం ఏం తెలుసు?"

"తెలుసాంటీ" అని చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. టీ తాగేసి వచ్చేశాను. ఆ రోజు నిజం చెప్పడానికి ఒక్క నిమిషం చాలేది. ఆరేళ్లు గడిచాయి, ఇప్పుడెంత టైమున్నా చాలడం లేదు.