మెకానిక్ గారు అడిగిన ప్రశ్న

పీహెచ్‌డీ మూడో ఏడు వేసవిలో నేను మా ఊరు రాజోలు వచ్చింది సెలవులకు కాదు, చదువు మానేద్దామని. సిరామిక్ బిళ్ళల మీద వెంట్రుకలో వందో వంతు మందాన కార్బన్ పూత వేసి, దానిమీద చిన్న గుండును నొక్కి తిప్పుతూ, రాపిడి ఎంత వస్తోందో, పూత ఎంత అరుగుతోందో కొలవడం నా పని. అదే పూత, అదే బరువు, అదే వేగం. ఒకరోజు నున్నగా తిరిగేది. మరోరోజు గంట తిరక్కుండానే నల్లటి పొడి రాలి, కింద తెల్లటి సిరామిక్ బయటపడేది. లోపం నా చేతుల్లోనే ఉందని నమ్మేశాను. ఇంట్లో చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

ఆ వారమే మా రొయ్యల చెరువు మోటారు నీళ్ళు కారడం మొదలెట్టింది. నాన్నగారు దాన్ని ఆటోలో వేయించి నన్ను తాటిపాక పంపారు. అక్కడి మెకానిక్ గారు గల్ఫ్‌లో చాలా ఏళ్ళు పంపులు బాగుచేసి వచ్చినవారు. మోటారు విప్పి, నీరు కారకుండా ఆపే సీలు బయటికి తీశారు. రెండు రింగులు. ఒకటి నల్లటి కార్బన్, రెండోది తెల్లటి సిరామిక్.

"నేను చదివేది వీటి గురించే బాబాయ్ గారూ," అన్నాను. అంతే, స్టూలు మీద కూర్చుని ఇంట్లో చెప్పనిదంతా ఆయనకు చెప్పేశాను.

ఆయన నవ్వలేదు. నల్ల రింగును వెలుగులోకి తిప్పారు. "గీతలు చూసేరా అమ్మా? నీళ్ళు అందకుండా మోటారు ఆడించేరు. కార్బన్‌కి కాస్త తడుండాలండి. మీ ల్యాబులో గాలి ఎలాగుంటదండి?"

"ఏసీ గదండి."

"ఆయ్. ఏసీ గాల్లో తడి పీల్చేస్తది కదండీ. వానాకాలం, ఎండాకాలం ఒకేలా పీలుస్తదా? ఎప్పుడన్నా రాసుకున్నారా?"

రాసుకోలేదు. బరువు, వేగం, దూరం అన్నీ రాశాను. గదిలో తేమ ఒక్కరోజు కూడా రాయలేదు.

మానేస్తానన్న మాట ఇంట్లో అనకుండానే ల్యాబుకు తిరిగి వెళ్ళిపోయాను. యంత్రం చుట్టూ అద్దాల పెట్టె కట్టించి, లోపలి తేమను మార్చుకుంటూ పరీక్షలన్నీ మళ్ళీ చేశాను. నేను వాడిన రకం పూత పొడిగాలిలో రాలిపోయింది, తేమగాలిలో నిలిచింది. ఎన్నిసార్లు చేసినా అంతే. మా గైడు గారు గ్రాఫు చూసి, "ఇది నేను అడగాల్సిన ప్రశ్న," అన్నారు. ఆయన అంత సూటిగా ఒప్పుకోవడం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

థీసిస్‌లో కృతజ్ఞతల పేజీలో మొదట రాసింది మెకానిక్ గారి గురించే. కాపీ పట్టుకుని షెడ్డుకు వెళ్తే, ఆయన చేతులు రెండుసార్లు తుడుచుకుని గానీ పుస్తకం ముట్టుకోలేదు. నేను ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పాను.

"నేనేం చేసేనమ్మా, ఊరికే అడిగేను," అంటూనే భార్యకు ఫోన్ కలిపి, మళ్ళీ చదవమన్నారు.

అంతా విని ఆవిడ, "ఈయన రింగుల గొడవ ఎత్తితే మా ఇంట్లో అందరూ లేచి వెళ్ళిపోతారండీ. మీరు కూర్చుని విన్నారు. భోజనానికి రండమ్మా," అన్నారు.

వెళ్ళాను.