ఖాళీ జీపు వాగు దాటాలి

1984 మే నెలలో నన్ను అటవీ శాఖ అల్లపల్లి వర్క్‌షాపు నుంచి సిరొంచకు పంపారు. హోదా వాహనాల ఫోర్‌మన్. రెండు జీపులను వానాకాలపు అడవి దారికి తగినట్టు మార్చి, పోల్చి చూసి, ఏది పనికొస్తుందో నివేదిక ఇవ్వాలి. ఒక పెద్ద క్వార్టరులో ఒక గది నాకిచ్చారు. మిగతా గదులకు తాళాలు. డ్యూటీ అయ్యాక మాట్లాడే మనిషి లేక, మొదటి వారంలోనే రెండు బండ్ల బోల్టులన్నీ విప్పి, నూనె పూసి, మళ్ళీ బిగించాను.

ఆ దారి సంగతి చెప్పాలి. పెద్ద రోడ్డు వదిలి అడవిలోకి పోతే కొంత దూరం గట్టి మొరం నేల, ఎర్ర కంకర. తరువాత ఒక వాగు. వాగుకు అవతల నల్లరేగడి, దాని చివర టేకు దుంగలు పేర్చిన డిపో. డిపోకు పోచన్న అనే కావలి మనిషి ఒక్కడే. ఇంటివాళ్ళు సిరొంచలో ఉండేవారు. ఏటా వానలకు ముందే బియ్యం, కిరసనాయిలు ఒకేసారి చేరవేసేవాళ్ళు. ఆ తర్వాత దారి ఆరేదాకా అటు ఎవరూ పోయేది లేదు. పోచన్న కాపలా కాసే బీటుకు హద్దు ఆ వాగే. బదులు మనిషి రానిదే దాన్ని దాటే అధికారం ఆయనకు లేదు.

మా డివిజన్ అధికారి షరతు స్పష్టంగా ఉంది. సామానుతో పోయిన జీపు తన సిబ్బందితోనే, బయటివాళ్ళ సాయం లేకుండా, పొద్దుగుంకే లోపల తిరిగి రావాలి. వస్తే ఆ వానాకాలం పదిహేను రోజులకొక ట్రిప్పు మంజూరు. రాకపోతే పాత పద్ధతే. అంటే పోచన్నకు మళ్ళీ దసరా దాకా మనిషి ముఖం కనిపించదు.

రెండు జీపుల్లో ఒకటి డీజిల్‌ది, వెడల్పాటి టైర్లు. రెండోది పాత పెట్రోల్ బండి, సన్న టైర్లు. రెండింటికీ సైలెన్సర్ గొట్టాన్ని హుడ్ ఎత్తుకు పెంచాను. పెట్రోల్ బండిలో ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మీద గ్రీజు పట్టించి, సైకిల్ ట్యూబు ముక్క తొడిగాను. నీళ్ళలోకి దిగేముందు ఫ్యాన్ బెల్టు తీసేయాలి. లేకుంటే రెక్కలు నీళ్ళను ఇంజన్ మీదికి చిమ్ముతాయి. బురదలో పట్టు కోసం వెనక చక్రాలకు గొలుసులు.

జూన్‌లో నేల నానగానే పరీక్షలు మొదలుపెట్టాం. వాగు ఇసుకలో వెడల్పు టైర్లదే గెలుపు. గాలి కాస్త తగ్గిస్తే ఇసుక మీద చాపలా పరుచుకున్నాయి. రేగడిలో కథ మారింది. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య బురద గట్టిపడి చక్రమే ఆగిపోయింది. సన్న టైర్లు బురదను కోసుకుంటూ దిగి, అడుగునున్న గట్టి నేలను అందుకుని నడిచాయి. నేను పాత బండిని ఎంచుకున్నాను.

డ్రైవరు రహీం భాయ్ సిరొంచ మనిషి. “సాబ్, ఈ ముసల్దాన్ని గెలిపిచ్చిండ్రు గద, ఇగ అది నా మాట ఇంటదా?” అని నవ్వాడు.

అసలు ట్రిప్పు రోజు నిండు సామానుతో మధ్యాహ్నానికే డిపో చేరాం. పోచన్న గుడిసె వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. ఇంజన్ చప్పుడు చాలాసేపటి క్రితమే విన్నాడట. సంచులు ఒక్కొక్కటే దించుతూ, మధ్యలో ఆగి, సిరొంచలో ఎవరి పెళ్ళిళ్ళయినయ్, ఎవరు పోయిండ్రు అని అడిగాడు.

“ఓ పోచన్నా, బియ్యం దించుతున్నవా, ముచ్చట్లు ఎక్కిస్తున్నవా? జర జల్ది కానియ్,” అన్నాడు రహీం భాయ్.

“నీకేంది భాయ్, ఊర్ల దినాం మాట్లాడ్తవ్. నేను దుంగలతోని మాట్లాడీ మాట్లాడీ పరేషానైన.”

తిరిగి బయలుదేరిన కాసేపటికే జీపు ఆగింది. చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలదు. దిగి కర్ర గుచ్చి చూశాను. గట్టి నేల ఉన్నచోటే ఉంది, చక్రం అంతవరకూ దిగలేదు. పోయేటప్పుడు సామాను బరువు చక్రాలను అడుగుదాకా నొక్కింది. ఆ బరువు ఇప్పుడు పోచన్న గుడిసెలో ఉంది. మేము చేసిన ప్రతి పరీక్షా నిండు బండితోనే చేశాం. సామాను మోయగలదా అన్నదే అందరి ప్రశ్న. దించేశాక ఏమవుతుందని ఎవరమూ అడగలేదు.

బరువుకు వేసుకుందామంటే డిపో నిండా టేకు దుంగలే. కానీ రవాణా పాసు, శాఖ కొట్టే సుత్తి ముద్ర లేని కర్ర ముక్క బండెక్కితే అది దొంగ కలప. పాసు ఇచ్చే ఆఫీసు వాగు దాటాక సిరొంచ వైపుంది. పోచన్న మాత్రం అప్పటికే వెనకే వచ్చి నిలబడ్డాడు. “నేను ఎక్కుత సారూ. నాకు పాసు అక్కర్లేదు గద?”

ఆయన్నూ, మొత్తం టూల్ పెట్టెనూ వెనక చక్రాల మీదికి సర్దాం. నేనూ వెనక్కి పోయాను. బండి నెమ్మదిగా కదిలింది. దారి పొడవునా పోచన్న మాట్లాడుతూనే ఉన్నాడు. వాగు దగ్గర దిగి, మేము అవతలి మొరం ఎక్కేదాకా చూసి, వెనుదిరిగాడు.

నివేదికలో జరిగింది జరిగినట్టు రాశాను. అధికారి చదివి, కావలి మనిషి జీపు సిబ్బంది కాదు కాబట్టి పరీక్ష నెగ్గనట్టే అన్నారు. ఆ మాట సరైనదే. ఇంకొక్క ట్రిప్పుకు అనుమతి అడిగాను. ఇచ్చారు.

ఈసారి ఖాళీ గోనె సంచులు పట్టుకెళ్ళాం. పోయేటప్పుడే వాగులో ఇసుక నింపుకున్నాం. డిపోలో సామాను దించాం, ఇసుక దించలేదు. తిరుగుదారికి నేను ముందు సీట్లో కూర్చుని చూస్తే, పోచన్న ఉతికిన చొక్కా తొడుక్కుని వెనక ఎక్కి కూర్చున్నాడు.

“ఈసారి ఇసుక ఉంది పోచన్నా, నువ్వు రానవసరం లేదు,” అన్నాను.

ఆయన సంచులను చేత్తో తట్టి చూశాడు. “మంచిగనే ఉన్నయ్. ఇగ నాతోని పని లేనట్టే గద సారూ,” అని దిగిపోయాడు.

రహీం భాయ్ ఒకసారి వెనక్కి తిరిగి పోచన్నను చూసి, ఇంజన్ స్టార్ట్ చేశాడు. జీపు ఎక్కడా ఆగకుండా వాగు దాటింది. ట్రిప్పులు మంజూరయ్యాయి.

ఆ దారిలో బండి నడిపే సూచనలు రాసిచ్చే పని నాదే. గాలి ఎంత తగ్గించాలి, బెల్టు ఎక్కడ తీయాలి, గొలుసులు ఎప్పుడు వేయాలి, అన్నీ వరుసగా రాశాను. తిరుగు ప్రయాణపు బరువు దగ్గర మొదట “ఇసుక సంచులు” అని రాశాను. సంతకం చేసేముందు “లేదా వాగు వరకు అంతే బరువు” అని కలిపాను. అధికారి చదివి, కారణం అడగకుండా సంతకం పెట్టారు. ఆ వానాకాలమంతా రహీం భాయ్ ఒక సంచి తక్కువే నింపాడు; వాగు దాకా ఆ చోటు పోచన్నది.

తరువాత ఎన్నో చోట్ల ఎన్నో బండ్లు మార్చాను. ప్రతిచోటా మొదటి పరీక్ష ఖాళీ బండితోనే చేశాను. సామాను చేరినచోట దిగిపోతుంది. బండి తిరిగి రావాలి.