నీళ్ళు రాని బోదె

ఆ గీత గీసినప్పుడు గాజాలో ఒక్క రైతునీ అడగలేదు. దానికి కాపలాగా మమ్మల్ని తెచ్చినప్పుడూ అడగలేదు. మమ్మల్ని పంపేసినప్పుడూ అడగలేదు. ఆ కాపలా కాసినవాళ్ళలో నేనొకణ్ణి.

అరవయ్యో దశకం మొదట్లో, ఒక జనవరిలో మన సైన్యం తరఫున చేరాం. పోర్ట్ సయీద్‌లో ఓడ దిగి, ఇసుకలోంచి రైల్లో వెళ్ళాం. ఐక్యరాజ్యసమితి నీలం టోపీ, రైఫిలు, బైనాక్యులర్, రెండు నీళ్ళ సీసాలు. పొద్దున ఆరు నుంచి పది, మళ్ళీ రెండు నుంచి ఆరు డ్యూటీ. గీత దగ్గరికి ఎవర్నీ రానివ్వకూడదు, చూసింది ఫోనులో చెప్పాలి. ఉత్తర్వు అంతే.

గాజాకీ పక్క దేశానికీ మధ్య గీత అంటే గోడ కాదు. బార్లీ చేల మధ్య దున్నిన ఒక చాలు. నేను చెరుకుపల్లి వరిపొలాల్లో పుట్టినవాణ్ణి. మొదటిరోజు దాన్ని చూసి, చేలోకి నీళ్ళు పారే బోదె అనుకున్నాను. హవల్దారుకి ఫోను చేశాను.

"సార్, ఈ బోదెకి నీళ్ళెప్పుడొదులుతారు?"

అటునుంచి నవ్వు. "అది సరిహద్దు. నీళ్ళొస్తే చెప్పు, సబ్బు తీసుకుని నేనే వస్తా."

ఏడాది పొడుగునా నా పేరు బోదె.

ఒక ముసలి రైతు రోజూ ఏడింటికి వచ్చి, మేం హద్దుగా పెట్టిన తెల్లరాయి దగ్గర ఆగేవాడు. అతని చేను సగం ఇవతల, సగం అవతల. ఒకనాడు చెయ్యెత్తి ఏదో అడిగాడు. మా వైర్‌లెస్ ఆపరేటరు తెనాలి సాయిబు. ఏమంటున్నాడో చెప్పమన్నాను.

"నా అరబ్బీ నమాజుకి సరిపోద్దిగానీ పొలం తగాదాకి చాలదురా బోదే" అంటూనే విన్నాడు. "ఈ గీత ఎవర్నడిగి గీశారంటున్నాడు. మీరు పోయేప్పుడు దీన్ని ఎవరి చేతికిచ్చి పోతారంటున్నాడు."

"కనుక్కుని చెప్తానను."

ఫోను మీద చెయ్యి వేశాను. బోదె గుర్తొచ్చింది. మళ్ళీ నవ్వుతారని ఎత్తలేదు.

ఏప్రిల్లో చేను పండింది. అవతలి సగాన్ని అవతలివాళ్ళు యంత్రంతో కోసుకుపోయారు. రైతు తెల్లరాయి దగ్గర కొడవలి పట్టుకుని, చివరి మోపు వెళ్ళిపోయేదాకా నిలబడి చూశాడు. తర్వాత నావైపు చూశాడు. అప్పుడే ఫోను మోగింది. "అంతా ప్రశాంతం" అని చెప్పాను.

మరుసటి జనవరిలో ఓడెక్కాను. కొన్నేళ్ళకి మా దళాన్ని పొమ్మన్నారు, పోయింది. యుద్ధం వచ్చింది. గాజా మీద అప్పటిదాకా ఒక దేశం పెత్తనం, ఆపైన గీతకి అవతలి దేశం పెత్తనం.

నాది ఐదో తరగతి చదువు. రేపల్లె లైబ్రరీలో కూర్చుని ప్రతి శాంతి ఒప్పందం గురించీ పేపర్లో వెతికి చదివాను. సరిహద్దులో ఏ గేటు ఎవరు తెరవాలో, ఎవరు మూయాలో ఉండేది. రైతు అడిగినదానికి జవాబు మాత్రం ఎక్కడా కనబడలేదు.

రెండువేల ఐదులో గాజా నుంచి అవతలి దేశం సైన్యం వెళ్ళిపోయిందని వార్త. తెనాలి స్టేషన్లో టీ తాగుతుంటే పక్కనాయన పేపరు మడిచి, "ఇక వాళ్ళకి స్వరాజ్యం వచ్చినట్టేగా బాబాయ్" అన్నాడు.

"మన కాలువ లాకుల తాళం పక్క జిల్లావాళ్ళ జేబులో ఉంటే, తెనాలి పొలం మనదేనా?" అన్నాను. ఆయన రైలు వచ్చింది.

బాపట్లలో వ్యవసాయం చదివే గాజా విద్యార్థి ఒకడున్నాడని విని వెళ్ళాను. హాస్టల్లో నేర్చుకున్న తెలుగు, ముద్దుగా ఉంది. ఇప్పుడెలా ఉందయ్యా అంటే, "సైన్యం లేదండి. గేటు మాత్రం మా చేతిలో లేదండి" అన్నాడు. రైతు సంగతి, తెల్లరాయి సంగతి, ఎత్తని ఫోను సంగతి దాచకుండా చెప్పాను. నలభై ఏళ్ళుగా ఆయనకి జవాబు వెతుకుతున్నానన్నాను.

కాదన్నట్టు తల ఊపాడు.

"ఆయన జవాబు తెలీక అడగలేదు తాతగారూ. ఆ ఫోనులో మీరైనా అడుగుతారేమోనని అడిగారు."