పట్టుకోడానికి నలుగురు

కుడికన్ను చిన్నప్పుడే పోయింది. ఎడమకంట్లో శుక్లం ముదిరి, పిల్లలు పలకమీద రాసింది కనబడక, మిషన్ బడిలో నా పంతులుద్యోగం ఇవాళో రేపో అన్నట్టుంది. అది పోతే నాకింకేం మిగలదు. భార్య పోయి ఆరేళ్ళు. పిల్లల్లేరు. నా నోటిదురుసుకి చుట్టాలూ దూరం జరిగారు. తప్పు నాదే లెండి.

మా పెద్దాపురం వైపు శుక్లం తీసే వైద్యుడు సూది పట్టేముందు అడిగేది ఒకటే: "పట్టుకోడానికి నలుగుర్ని తెచ్చుకున్నారా అండీ?" తలకొకరు, కాళ్ళకొకరు, చేతులకిద్దరు. కంట్లో సూది దిగేటప్పుడు నొప్పికి కదిలితే కన్ను పోతుంది మరి. అందుకని ఇంటివాళ్ళనే తెచ్చుకునేవారు. చస్తే మొయ్యడానికి నలుగురు ఎలాగో వస్తారు, బతికుండగా నాకెవరొస్తారు? నోరు తెరిచి ఎవర్నీ అడగలేక రెండేళ్ళు గడిపేశాను. అభిమానం! తగలెయ్యనా ఆ అభిమానాన్ని!

చివరికి కాలవ పడవెక్కి రాజమండ్రి ఆసుపత్రికి ఒంటరిగా వెళ్ళాను. "మావాళ్ళు నలుగురూ వెనక పడవలో వస్తున్నారండి" అని డాక్టరమ్మగారితో అబద్ధం కూడా ఆడాను.

"ఎవరూ అక్కర్లేదండి" అన్నారావిడ.

నర్సు కంట్లో ఏవో చుక్కలు వేసింది. కొకెయిన్ అట. మొదట చురుక్కుమంది. కాసేపాగి మళ్ళీ వేసింది. కన్ను మొద్దుబారిపోయింది. డాక్టరమ్మగారు దూదిపోగుతో నల్లగుడ్డు మీద తాకితే నేను రెప్పకూడా ఆర్పలేదు.

"మందు తగిలినచోట నరాలు నొప్పిని లోపలికి చేరనివ్వవు. అంతే. మీరు మేలుకునే ఉంటారు, తాకినట్టు తెలుస్తుంది" అన్నారు.

అన్నట్టే అయింది. కత్తి పడింది, ఏదో కదిలినట్టు తెలిసింది. ఒట్టు, ఆవగింజంత నొప్పి లేదు!

కన్ను దక్కింది, ఉద్యోగమూ దక్కింది. ఆ కంటితోనే ఇది రాస్తున్నాను. అయితే చెప్పాల్సింది ఇంకొకటుంది.

కట్టు కట్టి నన్ను మంచంమీద పడుకోబెట్టాక లోకమంతా చీకటైపోయింది. నర్సు వెళ్ళిపోతున్న అడుగులు వినబడ్డాయి. ఒక్కసారిగా దుఃఖం ముంచుకొచ్చింది. "అమ్మాయ్!" అని కేకేసి చెయ్యి చాచాను. ఆమె పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది.

"నొప్పి మొదలైందా అండీ, పంతులుగారూ?"

"లేదమ్మా."

"మరేంటండీ?"

"ఏం లేదు. ఊరికే. కాసేపు కూర్చో తల్లీ" అని బతిమాలాను. నేనొకర్ని బతిమాలడం అదే మొదలు.