డెమో కనకరాజు

కనకరాజుకు ఒకటే జబ్బు. ట్రయల్ చూడనిదే ఏదీ కొనడు, చూశాక అసలే కొనడు.

అమలాపురం వైపు నుంచి వచ్చి, నాచారంలో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేసి రిటైరై, అక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. కొత్త చెప్పులు తొడుక్కుని ఉప్పల్ రింగురోడ్డు దాకా నడిచొచ్చి, "కుడికాలిది కాస్త నస పెడుతోందండీ" అని కొట్టువాడికి తిరిగిచ్చేశాడు. పరుపుల షాపులో నడుం వాల్చి, షట్టరు దించే వేళకు లేచి, కల సరిగ్గా పడలేదని వచ్చేశాడు. "నన్నొక్కదాన్నే ట్రయల్ లేకుండా తెచ్చుకున్నారు. చూసుంటే నేను బతికిపోయేదాన్ని" అంటుంది ఆయన భార్య సుబ్బులు.

అలాంటి మనిషికి మొన్న ఎండాకాలం చివర్లో ట్రాక్టరు పిచ్చి పట్టింది. పొలం దున్నే ట్రాక్టరు కూడా కాదు. చిన్న బండి, దాని వెనక మట్టి తవ్వే చెయ్యి. కంపెనీవాళ్లు ఆ చేతిని బ్యాక్‌హో అంటారు. మన జనానికి తవ్వేదల్లా జేసీబీయే. పోనీ ఎక్కడైనా భూమి ఉందా అంటే, ఎనభై గజాల ఇల్లు, గుమ్మం పక్కన కరివేపాకు కుండీ. అయినా అడిగినవాళ్లకల్లా "హోం యూజ్‌కండీ" అని చెప్పేవాడు.

ఆయన్ని షోరూముల చుట్టూ స్కూటర్ మీద తిప్పే ఖర్మ అదే గల్లీలో ఉండే జోసఫ్‌కు పట్టింది. జోసఫ్‌కు అసలే మనసు మనసులో లేదు. వాళ్ల ఇల్లు గల్లీకి పల్లపు కొసన. వాన గట్టిగా కొడితే గల్లీ నీళ్లన్నీ నేరుగా వాళ్ల ముందు గదిలోకే వస్తాయి. ఆ గదిలో భార్య రూతు కుట్టుమిషన్లు పెట్టుకుంది. ఈసారి బడిపిల్లల యూనిఫాంల పెద్ద ఆర్డరు దొరికి, గదినిండా గుడ్డ తాన్లు. నీళ్లొస్తే గుడ్డా పోతుంది, ఆర్డరూ పోతుంది. గల్లీ పక్కనుంచి ఊరి మురుగు పోయే నాలా దాకా కాలువ తవ్విస్తే చాలు. మున్సిపల్ ఆఫీసుకు పోతే చూస్తామన్నారు. పెద్ద జేసీబీ గల్లీలో పట్టనే పట్టదు. కూలీలు వచ్చి, కింద బండరాయి ఉందని చేతులెత్తేశారు. వేసవి గాలి కాస్త చల్లబడితే లోకమంతా హమ్మయ్య అంటుంటే జోసఫ్ ఆకాశం వైపు చూసి గుండె పట్టుకునేవాడు.

మొదటి షోరూము ఉప్పల్‌లో. ఇక్కడ గొయ్యిని బొంద అంటారని కనకరాజు జోసఫ్ దగ్గర నేర్చుకున్నాడు. బొంద పెట్టడమంటే పాతిపెట్టడమని మాత్రం నేర్చుకోలేదు. సేల్స్‌మన్ రిషి ముందు దర్జాగా కూర్చుని, "ఇంటి దగ్గర బొంద పెట్టాలి బాబూ. ఇరుకులో పట్టే చిన్న బండి చూపించు" అన్నాడు.

రిషి లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. "ఎవరు పోయిన్రు అంకుల్?"

గుంత, ఉత్త గుంత అని జోసఫ్ నచ్చజెప్పేసరికి తాతలు దిగొచ్చారు.

ఇక డెమోలు మొదలయ్యాయి. తన ఇంట్లో చోటు లేదు కనుక ఉప్పల్‌లో ఒక బడి వెనక తవ్వి చూపించమన్నాడు. బండి వచ్చి చక్కటి ఇంకుడు గుంత తవ్వింది. కనకరాజు చుట్టూ తిరిగి, టేపుతో కొలిచి, మలుపు తిరగడానికి జాగా ఎక్కువ తీసుకుంటోందని పెదవి విరిచాడు. ఇంకో కంపెనీ బండి అన్నోజిగూడలో అరుణకుమారి అనే ఒంటరి టీచరమ్మ పెరట్లో సెప్టిక్ ట్యాంకు గొయ్యి తవ్వింది. రాయి తగిలితే ఎగిరెగిరి పడుతోందని అదీ వద్దన్నాడు. మూడోది నాగోల్‌లో చర్చి వెనక కాలువ తీసింది. పక్కనున్న పాత గోడ వణికిందట, అదీ పోయింది.

జోసఫ్‌కు ఒళ్లు మండింది. "అన్నా, మీకు బండి గావాల్నా, తమాషా గావాల్నా? ఇయ్యాల్నో రేపో వాన బడుతది. నా ఇల్లు మునుగుతదని నేను పరేషాన్ల ఉన్న."

"చూడకుండా ఎలా తీసుకుంటామయ్యా" అని ఆయన టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. జోసఫ్ ఆ మర్నాటి నుంచి ఆయన పిలిస్తే పలకడం మానేశాడు.

ఒక పొద్దున రిషి జోసఫ్‌కు ఫోన్ చేశాడు. ఆ పెద్దమనిషికి ఇక ఎవరూ డెమో ఇవ్వకూడదని సేల్స్‌మన్లంతా అనుకున్నారట. బండి కొనడు, ఊరందరి గుంతలూ ఊరికే తవ్విస్తున్నాడని వాళ్ల గోల. జోసఫ్ తప్పయిందని పెట్టేయబోతుంటే రిషి ఆపాడు.

"ఒక్కటడుగుతా సార్. ప్రతి డెమోల గాయన మమ్ముల పక్కకు పిలిచి ఒక్కటే అడిగిండు. గడప కింద నల్లా పైపుంటే పగలకుండ చెయ్యి ఆపొస్తదా అని. గా గడప ఎవరిది?"

జోసఫ్ తన గడప వైపు చూశాడు. కింద నల్లా పైపు. పక్కన రూతు మిషన్ల గదికి పాత గోడ. ముందు బండి మలుపు తిరగని గల్లీ, దాని కింద రాయి. ఆయన చెప్పిన ప్రతి వంకా ఇక్కడిదే. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

పరుగెత్తాడు. కనకరాజు ఇంట్లో లేడు. పొద్దున్నే ఆటో ఎక్కి చర్లపల్లి వెళ్లాడని సుబ్బులు చెప్పింది. అప్పటికే ఆకాశం నల్లబడింది. అంతలో గల్లీ మొదట్లో దగ్గుకుంటూ ఒక చిన్న పాత ట్రాక్టరు ప్రత్యక్షమైంది. వెనక తవ్వే చెయ్యి, డ్రైవరు పక్కన మడ్‌గార్డు మీద కనకరాజు. ఏదో మొక్కల నర్సరీవాళ్లు అమ్మకానికి పెట్టిన బండి, కొనేశాడు.

"ట్రయల్ చూసిన్రా?" అన్నాడు జోసఫ్.

"ట్రయల్ చూసేదాకా వాన ఆగుద్దేంటయ్యా?"

బండి గల్లీలో పట్టింది. రాయి దగ్గర నానా తిట్లూ తిని తవ్వింది. గడప దగ్గరికి వచ్చేసరికి కనకరాజు బురదలో బోర్లా పడుకుని, పైపు మీద చెయ్యి పెట్టి, అంగుళం అంగుళం చెబుతూ తవ్వించాడు. కాలువ నాలాలో కలిసిన కాసేపటికి వాన దిగింది. రూతు గుడ్డ తాన్లన్నీ మంచం మీదికెక్కించి గుమ్మంలో నిలబడి ఉంది. నీళ్లు గడప దాకా వచ్చి, పక్కకు తిరిగి, కాలువలో పడి పోయాయి. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని నవ్వింది.

 ముందే ఎందుకు చెప్పలేదని జోసఫ్ అడిగాడు.

"చెబితే మొహమాటపడి వద్దంటావు" అన్నాడు కనకరాజు, బురద దులుపుకుంటూ. వాన వంక చూశాడు. ఒకచోట నిలబడలేకపోతున్నాడు. "అవునుగానీ, వెనక గల్లీలో సత్యనారాయణమూర్తి గారింట్లోకి కూడా నీళ్లొస్తాయట కదా?"

డ్రైవరు నెత్తి కొట్టుకుంటూ బండి స్టార్ట్ చేశాడు. కనకరాజు అప్పుడే మడ్‌గార్డు ఎక్కేశాడు. జోసఫ్ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి వెనకాలే వచ్చాడు.

"జర జరగున్రి అన్నా" అని పక్కన కూర్చున్నాడు.