గ్రాముల మాస్టారి కాటా

మా నాన్నతో బజారుకి వెళ్లడమంత విసుగు పని ఇంకోటి లేదు. కూరగాయల కొట్టు ముందు ఆగి, కూరలు వదిలేసి కాటా వైపు వంగుతాడు. "ఆ కాలు కింద అట్టముక్క ఎందుకు పెట్టావయ్యా? తీసెయ్." కొట్టువాడు నవ్వుతూ తీసేదాకా కూరలు మా సంచిలో పడవు. ముప్పయ్యేళ్లుగా కాటాలు బాగుచేయడమే ఆయన పని. బాగుచేసిన ప్రతిదానికీ వెనక తీగ చుట్టి, తన గుర్తు నొక్కిన సీసపు బిళ్ల కడతాడు. ఆ బిళ్ల ఉన్న కాటా మీద ఎవరూ నోరెత్తరు. అందరూ ఆయన్ని గ్రాముల మాస్టారు అంటారు.

అలాంటి మనిషికి పుట్టి, పోయి పోయి నేనూ గ్రాముల ఆటలోనే పడ్డాను. తెడ్ల పడవ పందేలు, అందులోనూ లైట్‌వెయిట్, ఒక్కరే నడిపే పడవ. ఆడవాళ్లు యాభై తొమ్మిది కిలోలు దాటకూడదు. పందేనికి ముందు తూకం వేస్తారు. దాటితే ఇంటికే. నా ఒళ్లేమో వదిలేస్తే అరవై రెండుకి పోతుంది. మూడేళ్లు ఆ మూడు కిలోలతోనే కాపురం చేశాను. చివరికి అంతర్జాతీయ పోటీకి పేరొచ్చింది. ఈసారి కాకపోతే నా వయసుకి ఇంక ఎప్పటికీ కాదని కోచ్ మొహమాటం లేకుండా చెప్పాడు.

అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. వంటగది పక్కన నాన్న తెచ్చిపెట్టిన చదరపు కాటా ఉంటుంది, బిళ్ల కట్టినదే. పొద్దున్నే దాని మీద నిలబడి, అది చూపించే అంకెని బట్టి గుడ్డంతా తినాలో, తెల్లసొన మాత్రం తినాలో తేల్చుకునేదాన్ని. నాన్న చూపు నా కంచం మీదే.

"ఇంకో ముక్క తినమ్మా."

"వద్దు నాన్నా."

"పోనీ సగం."

"నా ప్రాణం తీయకు నాన్నా!"

రోజూ ఇదే గొడవ. పోటీకి రెండు నెలల ముందు స్నానాల గది గుమ్మంలో కళ్లు తిరిగి పడిపోయాను. ఆయనే లేపి కూర్చోబెట్టాడు. ఆ మర్నాటి నుంచి సతాయింపు ఆగిపోయింది. విచిత్రంగా నా బరువూ దిగింది. రొట్టె ఇంకో ముక్క తిన్నా అంకె పెరగడం లేదు. ఒళ్లు దారికొచ్చిందని మురిసిపోయాను. ఎంత పిచ్చిదాన్నో!

పోటీ వేరే దేశంలో. "మన కాటా ఉండగా పరాయిది ఎందుకు?" అన్నది నేనే. దుప్పట్లో చుట్టి మోసుకొచ్చింది నాన్న. పందెం రోజు పొద్దున అది యాభై ఎనిమిదీ తొమ్మిది వందలు చూపించింది. ఈల వేసుకుంటూ వెళ్లాను. తూకం గది బయట, ముందుగా చూసుకోవడానికి ఒక కాటా పెడతారు. సరదాకి ఎక్కాను. యాభై తొమ్మిదీ ఎనిమిది వందలు.

దిగి మళ్లీ ఎక్కాను. అంతే. ఒంటికాలి మీద లేచాను. "ఈ కాటా తప్పు! నాన్నా, నువ్వు చూడు. చూసి వీళ్లకి చెప్పు!"

నాన్న నేల మీద కూర్చున్నాడు. కాటా కాళ్లు చూశాడు, మట్టం చూపే బుడగ చూశాడు. ఎంతకీ లేవడే! చివరికి లేచి, నా మొహం చూడకుండా అన్నాడు.

"కాటా సరిగ్గానే ఉందమ్మా."

"మరి మనది?"

"దాని స్క్రూ నేనే తిప్పాను. నువ్వు పడిపోయిన రోజు. బయల్దేరే ముందు సరిచేద్దామనుకున్నా. నువ్వు కడుపునిండా తింటుంటే చెయ్యి రాలేదు."

"కడుపునిండానా? అది ఒక్క రొట్టెముక్క నాన్నా!"

తిట్టడానికి కూడా టైము లేదు. తూకం తలుపు మూయడానికి గంటన్నర ఉంది. మూడు స్వెట్టర్లు, పైన రెయిన్‌కోటు వేసుకుని పడవల షెడ్ల చుట్టూ పరుగు. నాన్న తన కోటు కూడా విప్పి నాకు తొడిగి, చెప్పులతో నా వెనకే పరిగెత్తాడు.

"నువ్వెందుకు పరిగెత్తడం? నీ బరువెవరు చూస్తారు?" అని అరిచాను. వింటేనా!

చెమటైనా కన్నీళ్లైనా పోయిందంతా లాభమేనని ఏడుస్తూనే పరిగెత్తాను. తలుపు మూయబోతుండగా ఆఖరిసారి ఎక్కాను. యాభై తొమ్మిదీ వంద. తూకం చూసే ఆవిడ పాపం మంచిదే. సారీ చెప్పి నా పేరు మీద గీత కొట్టింది.

నా వరస ఖాళీగా వదిలి ఐదు పడవలతో పందెం నడిపారు. నేను ఒడ్డున కూర్చుని చూశాను. నాన్న ఉడికిన గుడ్డు ఒలిచి నా చేతిలో పెట్టాడు. ఆయన్ని అమాంతం నీళ్లలోకి తోసేయాలనిపించింది. కానీ గుడ్డు తిన్నాను. ఆకలేసింది మరి.

ఇంటికొచ్చాక మూడు వారాలు ఆయనతో మాట్లాడలేదు. "సరిచేశానమ్మా, కొత్త బిళ్ల కట్టాను" అన్నాడు. ఎలా నమ్మేది? ఒకరోజు ఆయన లేనప్పుడు కాటాని సంచిలో పెట్టుకుని స్టేషను దగ్గరున్న ఇంకో కాటాల షాపుకి పోయాను. ఆ షాపాయనకీ నాన్నకీ ఇరవయ్యేళ్లుగా పడదు. నాన్న పనిలో ఒక్క తప్పు దొరికితే టముకు వేసే మనిషి.

"ఇది సరిగ్గా చూపిస్తోందో లేదో కాస్త చూస్తారా?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని కాటాని వెనక్కి తిప్పాడు. బిళ్ల కనపడగానే నా వైపు తోసేశాడు.

"ఇది మీ నాన్న కట్టిన బిళ్ల. ఆ మనిషంటే నాకు ఒళ్లుమంట, నిజమే. అలాగని ఆయన తూకం తప్పంటానా? నాకేం వేరే పని లేదనుకున్నావా అమ్మాయ్? తీసుకెళ్లు."

మాట నాలుక చివరిదాకా వచ్చింది. తొమ్మిది వందల గ్రాములండీ, సొంత కూతురికి, రెండు నెలల పాటు! చెప్పేస్తే సాయంత్రానికి బజారంతా తెలిసిపోతుంది. నా మూడేళ్ల కష్టానికి ఆ తృప్తైనా దక్కుతుంది.

"ఊరికే అడిగానులెండి" అన్నాను.

ఇంటికొచ్చి కాటాని దాని చోట పెట్టి ఎక్కాను. అరవై ఒకటీ మూడు వందలు. వెనక్కి తిరిగితే నాన్న గుమ్మంలో ఉన్నాడు. నా చేతిలోని ఖాళీ సంచి చూశాడు. నేనెక్కడికి వెళ్లొచ్చానో ఆయనకి వేరే చెప్పక్కర్లేదు.

"ఏమన్నాడు?" అన్నాడు మెల్లగా.

"కాటా సరిగ్గానే ఉంది నాన్నా" అన్నాను.